కప్పలతో పొసగే చేపలు

మే 4

పళ్ళ డాక్టరు మా చేపల తొట్టి తీసుకుంటానన్నాడు, కానీ ఉత్త కప్పలైతే వద్దట.

"మా వెయిటింగ్ రూములో కూర్చునేవాళ్ళు అసలే భయంతో ఉంటారమ్మా. వాళ్ళ ఎదురుగా కప్పల్ని పెట్టమంటారా? నాలుగు రంగు చేపలు వేసి ఇవ్వండి, కళ్ళకద్దుకుని తీసుకుంటాను" అన్నాడు.

ఆయన పేషెంట్ల కట్టుడు పళ్ళన్నీ మా ల్యాబులో చేసేది నేనే. మొహమాటానికైనా మాట తప్పడు. కాబట్టి ముందు చేపలు కొనాలి. తర్వాత తొట్టి ఇచ్చెయ్యాలి. తర్వాత అత్తయ్యకి చెప్పాలి. తర్వాత నేను వెళ్ళాలి. వేరే ఊళ్ళో పెట్టే కొత్త ల్యాబులో పింగాణీ పళ్ళ పని మొత్తం నాకే అప్పజెప్తానన్నాడు మా ల్యాబు పెద్దసారు. పైన ఒక గది ఉందట, ఒక మనిషికి సరిపోతుందట. జూన్ నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పమన్నాడు.

తొట్టి సంగతి తేలకుండా అత్తయ్య దగ్గర ఆ మాట ఎత్తడం నాకిష్టం లేదు. అది మా వారి తొట్టి. ఆయన చలికాలంలో పోయారు. ఆ నెలలోనే తొట్టిలో చేపలు కూడా ఒక్కొక్కటే పోయాయి. అప్పుడు అటు చూసే తీరిక ఎవరికుంది. ఈ రెండు బుల్లి కప్పలు మాత్రం మిగిలాయి. మొండి ఘటాలు.

మే 6

చేపల కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ఏది కొన్నా కవరులో రెండు నత్తలు ఊరికే పడేస్తాడు. అందుకని మా వారు ఆయన్ని నత్తలాయన అనేవారు.

"కప్పలు ఏ రకం? ముందు కాళ్ళ వేళ్ళ మధ్య తోలు ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే మరుగుజ్జు రకమే. బతికిపోయారు. తోలు లేని రకమైతే పిడికిలంత పెరిగి చేపల్ని మింగేస్తాయి."

నత్తలాయన చెప్పింది ఇదీ: ఈ కప్పలకి చూపు సరిగా ఆనదు. తిండిని వాసన పట్టి వెతుక్కుంటాయి. అవి మెల్లగా చేరేలోపు చేపలు తినేసి పోతాయి. గోల్డ్ ఫిష్ వేస్తే అది పెరిగి కప్ప కాలు నోట్లో పెట్టుకుంటుంది. రొయ్య పిల్లల్ని వేస్తే కప్పలే మింగుతాయి. ఊపిరి కోసం పైకి రావాలి కాబట్టి నీళ్ళలో ఉరవడి ఉండకూడదు. పైగా మాది చిన్న తొట్టి.

"సంబంధాలు చూడ్డం లాంటిదేనమ్మా ఇది. ఇద్దరూ మంచివాళ్ళే అయినా ఒక ఇంట్లో పడకపోవచ్చు" అన్నాడు.

నేను చేపల గురించే అడిగానని చెప్పాను.

మే 7

ఏమీ కొనలేదు. తొందరేం లేదు కదా.

మే 11

పొద్దున్న అత్తయ్య తొట్టి ముందు నిలబడి, "ఒరేయ్ పెద్దోడా, పాలవాడు రేపు రాడట" అంది. అంటే రేపు పాలు నేను తేవాలన్నమాట. కాసేపాగి, "చిన్నోడా, ఫ్రిజ్‌లో పాల పక్కన మీ పురుగుల డబ్బా పెట్టడం నాకు నచ్చలేదు" అంది. డబ్బా పై అరలోకి మార్చాను.

మా మధ్య గొడవలేం లేవు. ఆయన ఉన్నప్పుడు ఆయన ద్వారా మాట్లాడుకునేవాళ్ళం. "మీ ఆవిడకి చెప్పు" అని ఆవిడ, "మీ అమ్మగారిని అడగండి" అని నేను. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే అటుదిటూ ఇటుదటూ అందించేవారు. ఇప్పుడు ఆ పని కప్పలు చేస్తున్నాయి. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసింది. మధ్యలో ఎవరో ఒకరు లేకుండా మాట్లాడటం ఆవిడకీ తెలీదేమో.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మొగుడు లేని కోడలి గురించి సామెత ఏదీ ఉన్నట్టు లేదు.

మే 15

పులిచారల బార్బు చేపలు నాలుగు తెచ్చాను. నత్తలాయనే అంటగట్టాడు. "చురుగ్గా ఉంటాయి, డాక్టరుగారికి నచ్చుతాయి" అన్నాడు. చురుకు మాట నిజమే. గంట తిరిగేసరికి పెద్దోడి వెనక కాలి వేళ్ళు కొరకడం మొదలెట్టాయి. వాడు మూల రాయి కిందకి దూరి బయటికి రాలేదు. ఊపిరికి పైకి వచ్చినప్పుడల్లా ఒక బార్బు వెంటపడింది.

"ఒరేయ్ పెద్దోడా, రౌడీల్ని ఇంట్లోకి తెచ్చిందెవర్రా" అంది అత్తయ్య.

మే 16

బార్బుల్ని వాపసు ఇచ్చేశాను. నత్తలాయన సణిగి, బదులుగా గప్పీ చేపలు ఇచ్చాడు. నత్తలు మాత్రం మానలేదు.

మే 19

గప్పీలు బాగున్నాయి. తోకలు పట్టు పావడాల్లా ఉన్నాయి. ఎవర్నీ ఏమీ అనవు. వేసిన తిండి వేసినట్టు నిమిషంలో ఖాళీ. కప్పలు ఇంత బాగా తింటాయనుకోలేదు. డాక్టరుకి ఫోన్ చేసి వచ్చే వారం తీసుకెళ్ళమన్నాను.

మే 26

కప్పలు తినడం లేదు. తింటున్నది గప్పీలు. చిన్నోడి వెన్నెముక పైకి కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ నేను తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, తిండి మాయమవడం చూసి సంతోషించాను. రోజూ మైనంలో పన్ను గీతలు చెక్కే కళ్ళు ఇవి. గీతలో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేస్తాను.

డాక్టరుని ఇప్పుడే రావద్దన్నాను. అంత పని ఉన్నవాడు కూర్చుని ఒక్కొక్క కప్పకీ తినిపిస్తాడా? వాటి జోలికి పోని నెమ్మది చేపలు దొరికితే తప్ప తొట్టి ఇవ్వడం కుదరదు. ఇది నా తప్పు కాదు.

మే 27

ల్యాబు నుంచి సన్నటి పట్టకారు ఒకటి తెచ్చాను. మైనం పళ్ళు పట్టుకునేది. పొద్దున్నే, అత్తయ్య లేవకముందు, ఒక్కొక్క ఎర్రపురుగునీ దాంతో పట్టుకుని కప్ప ముక్కు దగ్గర ఆడించాను. చిన్నోడు ముందు పక్కనున్న రాయిని కొరికాడు, తర్వాత పట్టకారుని, మూడోసారికి పురుగుని. రెండు చేతులతో నోట్లోకి తోసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

జూన్ 2

అత్తయ్యకి ఏదో అయింది. నిన్న స్టూలు ఎక్కి వంటింట్లో బల్బు తనే మార్చింది. నేను ఇంట్లో ఉండగానే. "నన్ను పిలవచ్చు కదా" అంటే స్టూలు తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. గ్యాసు సిలిండరు బిగించడం పక్కింటావిడ దగ్గర నేర్చుకుంటోంది. మందుల షాపుకి తనే వెళ్ళొచ్చింది, వర్షంలో. ఇదివరకు ఆ పనులన్నీ కప్పల ద్వారా నాకు చెప్పేది.

నా చేతి పని అక్కర్లేదని చూపించడానికే ఇదంతా. చూపించనీ. నాకూ సుఖమే.

జూన్ 3

సుఖం ఏం లేదు. ఒళ్ళు మండుతోంది.

జూన్ 5

మా వారి అక్క ఫోన్ చేసింది. ఈ వదినతో నాకెప్పుడూ తగాదా లేదు. ఎవరితోనూ తగాదా పడని మనిషి.

"నీకింకా వయసుంది. నీ దారి నువ్వు చూసుకోమ్మా. అమ్మ గురించి బెంగ పెట్టుకోకు. మా అత్తామామలు కూడా ఇక్కడే ఉన్నారు కదా, గదులు లేవనుకో. హాల్లో మంచం వేస్తాం" అంది.

చెడ్డ మాట ఒక్కటీ లేదు అందులో. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఆ హాలే కళ్ళ ముందు తిరిగింది. టీవీ ఉంటుంది అక్కడ. చెప్పుల స్టాండు కూడా అక్కడే.

జూన్ 9

దొరికాయి. నిప్పురవ్వ టెట్రాలట. గోరంత కూడా ఉండవు, నారింజ రంగు. నోళ్ళు బుల్లివి, కప్పల తిండి వాటికి పట్టదు. సిగ్గరివి. నీళ్ళ మధ్యలో ఆకుల చాటున తిరుగుతాయి, కిందకి దిగవు, పైకి పోవు. కప్పలు కింద. ఎవరి చోటు వాళ్ళది. ఆరింటిని తెచ్చాను. గప్పీల్ని ల్యాబులో మైనం పోసే అమ్మాయికి ఇచ్చేశాను.

సాయంత్రం అత్తయ్య కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంది. నేను సోఫాలో. "చిన్నోడా, ఇవి పర్లేదురా" అంది.

జూన్ 12

డాక్టరే ఫోన్ చేశాడు. ఆయన క్లినిక్కులో పొద్దస్తమానం ఏసీ వేస్తారు కదా, నీళ్ళు చల్లబడతాయేమో అన్నాను. "నీళ్ళు వేడి చేసే కడ్డీ ఉందన్నారు కదమ్మా తొట్టిలో" అన్నాడు. ఉంది. అయినా ఆలోచించాలన్నాను.

పెద్దసారు కూడా అడిగాడు. నెలాఖరు ఇంకా ఉంది కదండీ అన్నాను.

జూన్ 15

ఇప్పుడు చేత్తో పెట్టక్కర్లేదు. ఈ చేపలు పోటీకి రావు. అయినా పొద్దున్న పట్టకారు పట్టుకోవడం మానలేదు. పెద్దోడు బాగా ఒళ్ళు చేశాడు. నా చేతి చలవే. పురుగుల డబ్బా మాత్రం అనుకున్నదానికంటే తొందరగా అయిపోతోంది. చేపలు చిన్నవే గానీ ఆకలి చిన్నది కాదు.

జూన్ 20

పెద్దోడిది ఒళ్ళు కాదు. వాపు. పొట్ట బంతిలా ఉబ్బి కాళ్ళు పక్కలకి నిలబడిపోయాయి. కిందకి దిగలేక నీళ్ళపైన తేలుతున్నాడు.

జూన్ 21

నత్తలాయనకి ఫొటో చూపించాను. "తిండి ఎక్కువైనప్పుడు ఇలా అవుతుంది. ఒక్కోసారి ఊరికే కూడా వస్తుంది. ఎంత పెడుతున్నారు?" అన్నాడు. కొలత ప్రకారమే పెడుతున్నానన్నాను. తిండి ఆపి చూడమన్నాడు, ఆశ మాత్రం పెట్టుకోవద్దన్నాడు.

పొద్దున్న తిండి ఆపాను.

జూన్ 22

ల్యాబులో కంప్రెసరు చెడిపోయి మధ్యాహ్నమే వచ్చేశాను. అత్తయ్య తొట్టి మూత తీసి వంగి ఉంది. చేతిలో మందు చుక్కలు వేసే ఫిల్లరు. అందులో ఎర్రపురుగులు.

"ఏం చేస్తున్నారు?"

"కనపడట్లేదా. తిండి పెడుతున్నా. నిన్నట్నించీ తినట్లేదు వీడు."

"నేను రోజూ పొద్దున్న పెడుతున్నా కదా అత్తయ్యా. నిన్నటి నుంచే ఆపాను."

ఆవిడ ఫిల్లరు పక్కన పెట్టింది. "నువ్వు పెడుతున్నావా? నేను రోజూ మధ్యాహ్నం పెడుతున్నా."

ఇద్దరం పెద్దోడి వైపు చూశాం. వాడు మా ఇద్దరి తిండీ తిని అక్కడ తేలుతున్నాడు.

"ఒక్క మాట చెప్పచ్చు కదా నాకు" అన్నాను.

"నువ్వు చెప్పావా?"

ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నువ్వు వెళ్ళాక నేనే కదా పెట్టుకోవాలి. చేతులు వణుకుతాయి నాకు. అలవాటు చేసుకుందామని మొదలెట్టా."

"ఎక్కడికి వెళ్ళాక?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు మీ పెద్దసారు ఇంటి ఫోనుకి చేశాడు, పోయిన నెల. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కాల్స్ కలిపినదాన్ని. అటువైపు మనిషి తడబడితే చాలు, కొత్త ల్యాబు, ఒక్కరికి సరిపోయే గది, అంతా రాబట్టేస్తాను."

బల్బు. సిలిండరు. వర్షంలో మందుల షాపు. నాకు అప్పుడు తెలిసింది. నా మీద పంతం కాదు అది. ఒక్కతే ఉండటం ఎలాగో ఆవిడ సాధన చేస్తోంది, నేను ఇంట్లో ఉండగానే, ఏదైనా తేడా వస్తే నేనుంటాననే ధైర్యంతో.

"వదిన దగ్గరికి వెళ్ళరా?"

"హాల్లో మంచం వేస్తుందట. అందరూ టీవీ ఆపాక పడుకోవాలి, అందరికంటే ముందు లేచి మంచం మడవాలి. నాకక్కర్లేదు. ఇది నా ఇల్లు. ఒక్కదాన్నే ఉండగలనో లేదో చూసుకుంటున్నా."

"ఉండగలరా?"

"బల్బు మార్చగలను" అంది.

నాకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. ఆవిడ ముందు ఏడవడం ఇష్టం లేక వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టాను. రెండు గ్లాసులు. ఇన్నాళ్ళూ ఎవరి కాఫీ వాళ్ళం పెట్టుకుంటున్నామన్న సంగతి గ్లాసులు కడుగుతుంటే గుర్తొచ్చింది.

జూన్ 23

పెద్దోడు పోయాడు. అపార్ట్‌మెంటు వెనక గోడ పక్కన గొయ్యి తవ్వాను. అత్తయ్య గొడుగు పట్టింది. వాన లేదు, ఎండ. ఆయన పోయినప్పుడు ఆవిడ కన్ను తడవలేదు. ఈ రోజు బొటనవేలంత కప్పకి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. మట్టి చేతులు.

జూన్ 24

మట్టి చేతులైతే ఏం.

జూన్ 27

రాత్రి భోజనాల దగ్గర అన్నాను. "నాతో వచ్చెయ్యండి అత్తయ్యా."

ఆవిడ తింటూనే ఉంది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఏమవుతానని రావాలి?"

"అదేంటి, మా అత్తగారని."

"వాడున్నన్నాళ్ళూ అత్తనే. వాడు లేడు. నిన్ను పొమ్మనట్లేదు, నిష్ఠూరం కాదు. లెక్క చెప్తున్నా. రేపు నువ్వు ఇంకో పెళ్ళి చేసుకుంటావు, చేసుకోవాలి కూడా. ఆ వచ్చినాయన ఈవిడెవరని అడిగితే ఏం చెప్తావు? పాత సామానుతో పాటు వచ్చిందని చెప్తావా?"

మన దగ్గర వరసలకి కొదవా? పిన్నత్త, మేనత్త, తోటికోడలు, వియ్యపురాలు, అన్నిటికీ ఒక పిలుపుంది. వెతికితే పక్కింటావిడకి కూడా వరస కలుస్తుంది. ఈవిడకీ నాకూ ఇవాళ్టికి సరిపోయేది ఒక్కటీ తట్టలేదు. పైగా ఆవిడ చెప్పిందాంట్లో తప్పేం లేదు, అదే బాధ.

"తెలీదు. ఏమవుతారో తెలీదు. కానీ మిమ్మల్ని వదిలి అక్కడికి పోతే నాకు తిండి సయించదు" అన్నాను.

ఆవిడ కంచం తీసుకుని లేచింది.

జూన్ 28

రోజంతా మాటల్లేవు. చిన్నోడితో కూడా.

జూన్ 29

పొద్దున్న నేను చెప్పులు వేసుకుంటుంటే గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ గది ఒక్కరికే అన్నాడు కదా మీ పెద్దసారు."

"ల్యాబు వెనక వీధిలో రెండు గదుల పోర్షను ఉందట. కనుక్కున్నాను."

"నేనొస్తానని చెప్పలేదే నీకు."

"ఊరికే కనుక్కున్నాను."

"వంటింటికి కిటికీ ఉందా?"

"ఉందట."

"మెట్లు?"

"కిందే."

"వారం ఉండి చూస్తా. పడకపోతే తిరిగొచ్చేస్తా. ఈ ఇల్లు ఎవరికీ అద్దెకివ్వను, తాళం వేసి నా దగ్గరే పెట్టుకుంటా" అని లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దసారుకి సరేనని చెప్పాను. డాక్టరుకి తొట్టి లేదని చెప్పాను. ఆయన, "ఆ ముక్క మే నెలలోనే చెప్పి ఉంటే నేను బొమ్మ చేపలు కొనుక్కునేవాణ్ణి కదమ్మా" అన్నాడు.

జూలై 14

రైల్లో తొట్టిని ఖాళీగా గుడ్డల్లో చుట్టి సీటు కింద పెట్టాం. చిన్నోడు మూత ఉన్న డబ్బాలో, చేపలు ఇంకో డబ్బాలో. రెండూ అత్తయ్య ఒళ్ళో. దారి పొడుగునా ఎవరు ఎటు కదిలినా "జాగ్రత్తండీ, లోపల ప్రాణులున్నాయి" అంటూనే ఉంది. ఎదురు సీటాయన భయపడి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

జూలై 16

ఇక్కడి నీళ్ళు చిన్నోడికి పడ్డాయి. చేపలు ఆరూ ఉన్నాయి. పట్టకారు పొద్దున్న నేను, ఆదివారం ఆవిడ. మధ్యాహ్నం ఎవరూ ముట్టకూడదు. వాడికి జత కోసం ఇక్కడి కొట్లలో అడుగుతున్నాం. ఇంకా దొరకలేదు.

కొత్త ల్యాబులో వెలుతురు బాగుంది.

ఆగస్టు 3

ఇంటావిడ ఇవాళ మొదటిసారి లోపలికి వచ్చింది. ఇన్నాళ్ళూ కూతురి పురిటికి వెళ్ళిందట. నేను వంటింట్లో ఉన్నాను. అత్తయ్య ఆవిడకి కుర్చీ వేసింది. కిటికీ, కుళాయి, నీళ్ళు వచ్చే వేళలు అయ్యాక ఆవిడ అసలు సంగతికి వచ్చింది.

"ఆ అమ్మాయి మీ కూతురాండీ?"

"కాదు."

"కోడలా?"

అత్తయ్య కాస్త తటపటాయించి, "మా అబ్బాయి భార్య" అంది.

"అబ్బాయిగారు వేరే ఊళ్ళో పనిచేస్తారేమో."

"పోయాడండీ."

"అయ్యో." ఇంటావిడ నొచ్చుకుంది. ఏదైనా మంచి మాట అనాలని కాబోలు, "పోనీలెండి, కోడలు మంచిది. ఈ రోజుల్లో కూడా మిమ్మల్ని తన దగ్గర ఉంచుకుంది" అంది.

నేను స్టౌ తగ్గించాను. అనుకున్న వారం ఎప్పుడో దాటిపోయింది. ఆ ఇంటి తాళంచెవి అత్తయ్య దిండు కిందే ఉంది. ఉంచుకుంది అన్న మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు.

"తను నన్ను ఉంచుకోవడం ఏమిటండీ. ఆ పిల్లే నా దగ్గర ఉంటోంది" అంది అత్తయ్య.

ఉద్యోగం నాది. ఇంటి ఒప్పందం మీద సంతకం నాది. సంతకం పెట్టించుకున్న ఇంటాయన భార్యే ఎదురుగా ఉంది. కాఫీ తీసుకెళ్ళి ఇద్దరికీ ఇచ్చి, అవునండీ అన్నాను.